బెజవాడకు మోసుకెళ్లిన అచ్చు

వ్యయ నామ సంవత్సరం మార్గశిర శుద్ధ ద్వాదశి, గురువారం, ఇంగ్లీషు లెక్కలో 1946 డిసెంబరు 5, తెల్లవారుజామున నాలుగు గంటల నలభై నిమిషాలకు పెడనలో మా ఇంటి గడప దాటాను. నాకు అరవై మూడేళ్లు. అప్పటిదాకా బందరు తప్ప మరో పట్నం చూడలేదు. బెజవాడ వెళ్లింది ఊరు చూడడానికి కాదు, నాంచారమ్మను వెనక్కి తీసుకురావడానికి.

నాంచారమ్మ నా ఈడుది. ఇద్దరం ఒకే ఏడు కాపురానికి వచ్చాం. మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. మా పేటలో ఆడవాళ్లు నూలు కండెలు చుట్టడమే ఎక్కువ, కాని మేమిద్దరం మగ్గం ఎక్కాం. ఒకే పాకలో ఎదురెదురుగా ముప్పై ఏళ్లు నేశాం. ఆరేళ్ల కిందట ఆమె భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. నెల తిరక్కుండానే బెజవాడలో అక్క కూతురు ఉందని వెళ్లిపోయింది. ఆ అక్క కూతురు తర్వాత మద్రాసు మారిపోయింది గాని నాంచారమ్మ బెజవాడ వదల్లేదు.

ఇప్పుడు నూలు కార్డుల మీద ఇస్తున్నారు, మగ్గానికొక కార్డు. ఆమె మగ్గం మా పాకలోనే ఉంది. ఈ నెలాఖరులోగా అది ఆడకపోతే దాని కార్డు కొట్టేస్తామని నూలు డిపోలో చెప్పారు. ఆ మాట పట్టుకుని బయలుదేరాను. కార్డు లేకపోయినా ఏదో ఒకనాడు బయలుదేరేదాన్నే. ముసలితనం వచ్చాక ఎదుటి మగ్గం ఖాళీగా కనిపిస్తే పొద్దు గడవడం కష్టం.

నాతో ఆమె అచ్చు తీసుకుపోయాను. మగ్గం ఎరగనివాళ్లకి ఇది చెప్పాలి. పడుగు పోగులన్నీ ఒక్కొక్కటిగా దూరివచ్చే దువ్వెనలాంటి చట్రం ఒకటి, దాని వెనక పోగుల్ని పైకీ కిందికీ లాగే నూలు అల్లిక ఒకటి, ఈ రెంటినీ కలిపి అచ్చు అంటాం. బట్ట నేసి కోసేటప్పుడు మూరెడు పోగులు అచ్చులోనే వదిలేస్తాం. అవి కొసలు. కొత్త పడుగు రాగానే వేలికి బూడిద అద్దుకుని కొసకి కొస నులిమి అతుకుతాం. కొసలు లేకపోతే మూడువేల రెండువందల పోగులూ కొత్తగా ఒక్కొక్క సందులోంచి తోడుకోవాలి. ఇద్దరు మనుషులకి మూడు రోజులు పడుతుంది, కళ్లు పోతాయి. అందుకే మా ఇళ్లలో మగ్గం ఎత్తేసేనాడు తప్ప కొసలు ఎవరూ కొయ్యరు.

నాంచారమ్మ అచ్చు కొసలతో సహా ఆరేళ్లు మా అటకమీద ఉంది. ఎలుకలు రాకుండా వేపాకు వేసి, మా ఆయన పాత పంచెలో చుట్టి ఉంచాను. తన చేతి పోగులు కళ్లబడితే ఇక కాదనలేదని నా నమ్మకం.

గుడివాడ దాకా

రైలుపెట్టెలో అచ్చు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నా నిలువుకి తక్కువేం కాదు. కింద పెడితే ఎవరైనా తొక్కుతారు, పైన పెడితే పెట్టెలు మీదపడి పుల్లలు విరుగుతాయి. ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటే అటూ ఇటూ ఇద్దరికి పొడుచుకుంటోంది. బందరులో ఎక్కిన బెస్తావిడ ఒకతె ఎండుచేపల గంపలు రెండు కాళ్లదగ్గర పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

“ఏంటమ్మా అది, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నావు? ఆకలేస్తే ఏడుస్తుందా?”

అచ్చు అని చెప్పాను. ఎవరిదో, ఎందుకు తీసుకుపోతున్నానో కూడా చెప్పాను. రైల్లో కొత్తవాళ్లకి మనసులో మాట చెప్పడం ఎంత తేలికో ఆ రోజు తెలిసింది. తర్వాత వాళ్లు మనకి కనపడరు.

“అయితే వల వేసి పట్టుకొస్తావన్నమాట ఆవిణ్ణి,” అంది.

“వల కాదు. ఆవిడ సొత్తే ఆవిడకి చూపిస్తాను.”

“మేమూ అంతేలే, ఎంత చిరిగినా వల పారెయ్యం. చిరుగు దగ్గర మళ్లీ ముడులేసుకుంటాం. సరే, ఆవిడ రానంటే?”

“రాకేం చేస్తుంది?”

“మా తోడికోడలు బెజవాడ పోయి పదేళ్లయింది. ఇప్పటికీ వచ్చే నెల వస్తానంటుంది,” అని నవ్వి, గంపలు దగ్గరికి జరిపి, వాటి మీద అచ్చు ఒక కొస ఆనించుకోమంది. గుడివాడ దాకా అలాగే వచ్చాను. చేయి నొప్పి తగ్గింది, కాని పంచెకి ఎండుచేపల వాసన పట్టింది.

గుడివాడలో కిటికీలోంచి మంచినీళ్లకి గ్లాసు చాపాను. నీళ్లు పోసేవాడు పోస్తుండగానే బండి కదిలింది. మా అత్తగారి కంచు గ్లాసు, నీళ్లతో సహా పట్టాల మధ్య పడింది. నా అరుపు విన్నది బెస్తావిడ ఒక్కతే.

బెజవాడ స్టేషను

ఎనిమిది గంటల యాభై నిమిషాలకు దిగాను. దిగి, ఉన్నచోటే నిలబడిపోయాను. మా పెడనలో బండి వస్తే ఊరంతటికీ తెలుస్తుంది. ఇక్కడ ఒకేసారి నాలుగు బండ్లు నిలబడి ఉన్నాయి, ఐదోది వస్తోంది, ఎవరూ తలెత్తి చూడటం లేదు. మద్రాసు వెళ్లేవాళ్లు, కలకత్తా వెళ్లేవాళ్లు, హైదరాబాదు వెళ్లేవాళ్లు, అందరూ ఒకే వంతెన ఎక్కి దిగుతున్నారు. అరవం, హిందూస్తానీ, ఇంకా ఏవో భాషలు చెవిన పడ్డాయి. దేశంలో ఎటు నుంచి ఎటు పోవాలన్నా ఈ గుమ్మం తొక్కాలని అప్పుడు అర్థమైంది.

నాంచారమ్మ జనంలోంచి వచ్చి నా భుజం పట్టుకుంది. చిక్కింది. కళ్లజోడు పెట్టింది, దాని ఒక కాడ విరిగితే దారం కట్టుకుంది. నడుం మాత్రం మునుపటిలాగే నిటారు.

“నోరు మూసుకోవే పున్నీ, ఈగలు దూరతాయి,” అన్నది ఆరేళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట. రెండో మాట, “ఎండుచేపలు తెచ్చావా?”

“నీ అచ్చు తెచ్చాను. కార్డు సంగతి రాయించాను కదా, సాయంత్రం బండికి నిన్ను తీసుకుపోతాను.”

ఆమె అచ్చు వైపు చూసింది. పంచె విప్పమనలేదు, చేత్తో ముట్టుకోలేదు. “ఊరు చూడు ముందు. చూసినాక అడుగు, చెప్తాను,” అంది. ఆ బేరానికి ఒప్పుకున్నాను. ఊరు ఏం చూపించినా మనిషి పుట్టిపెరిగిన చోటు ముందు నిలవదని ధైర్యం.

జట్కాలో

బేరమాడి ఆరణాలకి జట్కా కుదిర్చింది. మా ఊళ్లో బేరమంటే ఇద్దరూ అరుచుకుంటారు. ఆమె గుర్రం మెడ నిమురుతూ నెమ్మదిగా మాట్లాడింది. బండివాడు మస్తాను ఆమెని పేరుపెట్టి “నాంచారమ్మగారూ” అన్నాడు. అతని భార్య బురఖా ఒకటి ఆమె బాగుచేసిందట. అచ్చు బండి వెనక బారెడు బయటికి వచ్చింది.

“పెద్దమ్మగారూ, ఆ కర్ర కొంచెం లోపలికి లాక్కోండి. పోలీసాయన తలపాగా పడిపోద్ది, నా బండి స్టేషన్లో పెడతారు,” అని రెండుసార్లు చెప్పాడు. మూడోసారి నిజంగానే ఒక కూరగాయలాయన బుట్టలోని తోటకూర కట్ట దానికి తగులుకుని మాతో వచ్చేసింది. వెనక్కి ఇప్పించాను. ఈ గొడవలో నా గొడుగు బండిలోనే మరిచిపోయి దిగాను.

ఆనకట్ట దగ్గర

కృష్ణను నేను ఎరుగుదుననుకున్నాను. మా పెడన కాలవలో ముప్పై ఏళ్లు పడుగులు తడిపాను, ఆ నీళ్లు కృష్ణవేనని పెద్దలు చెప్పారు. కాని అది మనిషి కాలిగోరు చూసి మనిషిని చూశాననుకోవడమే. గట్టు ఎక్కి చూశాక తెలిసింది. ఈ కొండ నుంచి ఆ సీతానగరం కొండ దాకా నీళ్లు. ఆ నీళ్లకి అడ్డంగా మనుషులు రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ. దానికి ఇవతల నది నిండుగా, కదలనట్టు నిలబడి ఉంది. అవతల ఇసుక తిన్నెలు, వాటి మధ్య పాయలు.

లాకుల దగ్గర ఒక పడవ కాలవలోకి దిగుతోంది. తలుపులు మూశారు, నీళ్లు తగ్గించారు, పడవ మనుషులతో, వడ్ల బస్తాలతో మా కళ్లముందే కిందికి దిగింది, మళ్లీ తలుపులు తీశారు. గుడిలో జరిగే పూజ చూసినంత సేపు చూశాను. తలుపు తిప్పే మనిషిని ఈ నీళ్లు మా పెడనకి ఎప్పటికి చేరతాయని అడిగాను.

“ఎల్లుండికి స్నానం చేస్తారమ్మా వీటితో,” అన్నాడు.

మా ఊరి వరి, మా చెరువు, మేం పడుగుకి పట్టే గంజి, అన్నీ ఇక్కడ ఒక మనిషి తిప్పే ఇనప చక్రం మీద ఆధారపడి ఉన్నాయి. నేత మనిషిని కాబట్టి నాకు అలాగే తోచింది: నది పడుగులా వచ్చి ఈ తలుపుల్లో దూరి, పోగులు పోగులుగా విడిపోయి జిల్లా అంతా పరుచుకుంటోంది. ఈ గోడ కట్టినవాళ్లు కొసలు వదలడం తెలిసినవాళ్లే అయి ఉంటారు.

అప్పుడే నది మీది రైలు వంతెన మీదికి గూడ్సు బండి వచ్చింది. పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. యాభై రెండు దాకా సరిగ్గా వచ్చింది. తర్వాత కింద నీళ్లలో ఆ బండి నీడ కూడా పోతోందని చూశాను, లెక్క తప్పింది. నాకు లెక్క తప్పడం నాంచారమ్మ చూసింది. పెదవి బిగించి నవ్వింది.

కొండమీద

దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కేటప్పుడు అచ్చు కింద కొబ్బరికాయల కొట్లో పెట్టి వెళ్దామంది. నేను ఒప్పుకోలేదు. భుజాన వేసుకునే ఎక్కాను. దారిలో ఒక పంతులుగారు, అది అమ్మవారికి మొక్కుబడా అని అడిగారు. “మొక్కే గాని అమ్మవారికి కాదండి,” అంది నాంచారమ్మ.

దర్శనమయ్యాక గోడ పక్కన కూర్చున్నాం. అక్కడ నుంచి చూస్తే ఊరు మొత్తం పెంకుల కప్పులు, మేడలు, పొగగొట్టాలు. ఊరి చివర నుంచి మూడు వైపులా కాలవలు. తూర్పున పొలాలు మంచులో కలిసిపోయి ఎక్కడ అంతమవుతాయో తెలియలేదు. ఇంత పెద్దది నా జన్మలో చూడలేదు. నాకు తెలిసిన ఊళ్లన్నీ, పెళ్లిళ్లకి వెళ్లినవీ చావులకి వెళ్లినవీ, ఆ మంచు కిందే ఉన్నాయి.

“బందరు కాలవ అదిగో. దాని వెంబడి పోతే మీ ఊరు,” అంది.

మీ ఊరు అంది, మన ఊరు అనలేదు.

కాఫీ హోటల్లో

హోటల్లో కూర్చుని తినడం నాకు అదే మొదలు. రెండిడ్లీ అణా, కాఫీ అణా. ఇడ్లీ మెత్తగా ఉంది, పచ్చడిలో మా వైపు వేసే చింతపండు లేదు, కొబ్బరి ఎక్కువ. కాఫీలో పంచదార లేదు, బెల్లం వేశారు, పంచదారకి కంట్రోలు. మా బల్ల దగ్గరే ఒక రైల్వే కూలీ, ఒక మాస్టరుగారు, పిల్లతో ఒకావిడ కూర్చున్నారు. ఎవరు ఎవరని ఎవరూ అడగలేదు. మాస్టరుగారు తన అంగీ మోచెయ్యి తిప్పి నాంచారమ్మకి చూపించారు. “ఎక్కడ చిరిగిందో నాకే తెలియటం లేదండీ,” అన్నారు. ఆమె చూసి, “ఉతికేటప్పుడు బండకేసి బాదొద్దని చెప్పండి,” అంది.

ఇదే ఆమె బతుకుతెరువని నాకు అప్పటికి తెలిసింది. యుద్ధంలో బట్ట కరువయ్యాక ఈ ఊళ్లో చిరిగిన బట్ట పారేసేవాళ్లు లేరు. సూదితో అతుకు వేస్తే అతుకు కనపడుతుంది. నాంచారమ్మ అతుకు వెయ్యదు. చిరిగిన చోట మళ్లీ నేస్తుంది, మగ్గం లేకుండా, సూదితో, పోగు పక్కన పోగు.

కాలవ గట్టు సందులో

ఆమె గది కాలవ గట్టు మీద పెంకుటింటి ముందు భాగం. అద్దె నెలకి మూడు రూపాయలు. నేను తెచ్చిన మాగాయ జాడీ మూత తీయబోయి జారవిడిచింది, జాడీ పగిలింది, సగం ఊరగాయ గచ్చు పాలైంది. మిగిలిన సగంతో అన్నం తిన్నాం. ఒంటిగంటన్నరకి నేను అచ్చు ముందుకి జరిపి, “చూశాను ఊరు. ఇంక చెప్పు,” అన్నాను.

ఆమె నోరు తెరిచేలోపే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. రాఘవమ్మగారని, వెనక వీధిలో రైల్వే గుమాస్తా భార్య. చేతిలో తెల్లటి బట్ట మడత.

“నాంచారమ్మగారూ, కొంప మునిగిందండీ. రాత్రి పదకొండుంపావుకి ముహూర్తం. మధుపర్కం పెట్టెలోంచి తీస్తుంటే మేకుకి పట్టుకుంది,” అని మడత విప్పింది.

పెళ్లిపీటల మీద వధువు కట్టుకునే ఎర్రంచు తెల్లచీర. భుజం మీదికి వచ్చేచోట జానెడు పొడుగున చీలిపోయి, మధ్యలో రూపాయి బిళ్లంత ఊడిపోయింది.

“రేషను కొట్లో ముతక తాను తప్ప ఏమీ లేదండి. పెద్దదాని పెళ్లినాటిది దాచిపెట్టాను. కొత్తది కట్టాల్సిన పిల్లకి అక్క కట్టిందే కడుతున్నాను, చిరుగుతో ఎలా కట్టేదండీ? అటువాళ్లు ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు, ఆరుగురికీ కళ్లే.”

నాంచారమ్మ చిరుగు వెలుతురులో పెట్టి చూసింది. “నేను నేస్తాను గాని నూలు లేదండి రాఘవమ్మగారూ. నా దగ్గరున్నవి నలభయ్యో నంబరు పోగులు. దీని పక్కన పెడితే తాడు పెట్టినట్టుంటుంది. ఆరుగురక్కర్లేదు, ఒకరు చాలు పట్టుకోడానికి.”

నా చేయి ఊరుకోలేదు. అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాను. బట్ట కనిపిస్తే నంబరు చెప్పడం నాకు ఊపిరి తీయడంలాంటిది. “ఇది నూరో నంబరు. యుద్ధం ముందటిది. ఇలాంటి నూలు మన పాకలో ఆఖరుసారి నీ మగ్గం మీదే...” అని ఆగిపోయాను.

మాట అయితే బయటికి వచ్చేసింది. నాంచారమ్మ పొద్దుటి నుంచి మొదటిసారి అచ్చు వైపు తిన్నగా చూసింది.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. మా పేటలో మధుపర్కాల పడుగు మగ్గానికి ఎక్కితే, భర్త పోయినవాళ్లు ఆ పాకలోకి రారు. నాంచారమ్మ భర్త పోయిననాడు ఆమె మగ్గం మీద ఉన్నవి మధుపర్కాలే. ఎవరూ ఆమెని వద్దనలేదు. ఆమే రాలేదు, మేమూ పిలవలేదు. మిగిలిన గజంన్నర నేను నేసి దించాను. ఆ కొసలే ఈ కొసలు.

“పున్నీ,” అంది మెల్లగా. “ఆరేళ్లు కాపాడింది నువ్వు. నువ్వు వద్దంటే ముట్టుకోను.”

కొయ్యడమంటే ఏమిటో ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు. రాఘవమ్మగారికి మా మాటలు అర్థం కాలేదు. కాని ఏదో నా చేతిలో ఉందని మాత్రం తెలిసి నా మొహం వైపే చూస్తోంది. నేను లెక్క వేసుకున్నాను. ఈ చిరుగుకి నూట ఇరవై కొసలు చాలు. అచ్చులో నూట ఇరవై సందులు ఖాళీ అయితే మళ్లీ తోడుకోవడం ఒక పూట పని. మగ్గం పోదు. పంచె ముడి విప్పాను.

సాయంత్రం వెలుతురులో

బట్టని చెక్క చట్రానికి బిగించి గుమ్మంలో కూర్చుంది. దీపం వెలుతురులో తెల్ల మీద తెల్ల కనపడదు, పొద్దు ఉండగానే కావాలి. నేను ఎదురుగా కూర్చుని కొసలు ఒక్కొక్కటి కోసి, నీళ్ల చేత్తో తడిమి, బలంగా ఉన్నవి ఏరి అందించాను. పది తీస్తే రెండు తెగాయి. ఆమె ప్రతి తెగిన పోగు పక్కన కొత్త పోగుని చిరుగుకి రెండు వేళ్లు ఇవతల నుంచి రెండు వేళ్లు అవతలి దాకా పాతదాని దారిలోనే నడిపింది. పడుగు అయ్యాక పేక. ఒకటి పైన, ఒకటి కింద.

రాఘవమ్మగారు మూడుసార్లు వచ్చి చూసి వెళ్లింది. సందులో పిల్లలు, ఎదురింటివాళ్లు, పాలు పోసే ఆవిడ ఆగి చూసి అడుగుల చప్పుడు లేకుండా వెళ్లారు. మేమిద్దరం మాట్లాడుకోలేదు. పాకలో కూడా ఇంతే, చేతులు ఆడుతుంటే నోరు ఆడదు. ఆమె చేయి చాపుతుంది, నేను పోగు పెడతాను. నేను బెజవాడకి దేని కోసం వచ్చానో అది ఆ మూడు గంటలూ నాకు దొరికింది.

అయిదుంపావుకి చట్రం విప్పి, తడిచేత్తో రుద్ది, గుమ్మానికి ఎత్తి పట్టుకుంది. చిరుగు ఎక్కడో నేను వెతికాను. అరవై మూడేళ్లుగా బట్ట తప్ప మరొకటి ఎరగని నేను, ఎండకి పెట్టి, వేళ్లతో తడిమి, వెనక్కి తిప్పి వెతికాను. దొరకలేదు. పొద్దున ఆనకట్ట చూసినప్పుడు కూడా నా గుండె అలా కొట్టుకోలేదు.

రాఘవమ్మగారు బట్ట అందుకుని కళ్లకద్దుకుంది. తర్వాత పళ్లెంలో తమలపాకులు, అరటిపళ్లు, ఎనిమిదణాలు పెట్టి నాంచారమ్మ చేతికిచ్చి, “మీరు పెళ్లికి రావాలి. ముందు చాప మీద కూర్చోవాలి. మీరు నేసిన బట్టతో మా పిల్ల పీటలెక్కుతుంటే మీరు తలుపు చాటున ఉంటే నేను ఊరుకోను,” అంది.

“చూద్దాం లెండి,” అంది నాంచారమ్మ. రాఘవమ్మగారు వెళ్లాక పళ్లెం కింద పెట్టి, నా వైపు తిరిగింది.

“పెడన వస్తే నాకు ఏ పని ఇస్తావే?”

“నీ మగ్గం నీదే.”

“మధుపర్కాలు వచ్చినప్పుడు?”

ఆ నాలుగు రోజులూ కండెలు చుట్టమని చెప్పాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. అది నోట రాలేదు. ఒక్క రోజులో మా పేట ఆచారం మార్చి తెస్తానని చెప్పడానికి నేనెవరిని.

“నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు,” అంది. “ఇక్కడ చీర చిరిగినవాళ్లకి నా నుదురుతో పని లేదే. వేళ్లతోనే పని.” కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “రేపో ఎల్లుండో ఇలాంటిదే ఇంకోటి వస్తుంది. ఈ నంబరు నూలు ఈ ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. మిగతావి కూడా ఇచ్చి వెళ్తావా?”

అడిగిన తీరు పక్కింటికి వచ్చి గిద్దెడు నూనె అడిగినట్టుంది. అదే ఆమె జవాబు.

మూడువేల ఎనభై ఉన్నాయి ఇంకా. నేనే కోశాను, గుప్పెడు గుప్పెడుగా. ఆమె వాటిని ముడులు వేసి, తడి తగలకుండా కాగితంలో చుట్టి, బియ్యం డబ్బా మీద పెట్టుకుంది. కోయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

తిరుగు బండి

ఊరంతా కరెంటు దీపాలు వెలిగాయి. ఒక మనిషి ఎక్కడో మీట నొక్కితే వీధి వీధంతా ఒక్కసారి వెలిగింది, నేను ఏడుస్తున్న సంగతి కూడా మరిచి చూశాను. స్టేషను దాకా నడిచే వెళ్లాం. ఏడు గంటల నలభై నిమిషాల బండి. కిటికీ దగ్గర నిలబడి నాంచారమ్మ మల్లెపూలు ఎంతంటున్నారో, రేపు ఎవరి బట్టలు ఉన్నాయో చెప్పింది. బండి కదిలేముందు, “ఎండాకాలం పోయాక మళ్లీ రావే. ఈసారి చేతులూపుకుంటూ రా, సినిమాకి పోదాం,” అంది.

“పెళ్లికి వెళ్తావా?” అని అడిగాను.

“ఇటు నుంచి అటే. స్నానం చేసి తెల్లచీర కట్టుకునే వచ్చాను చూడు.”

అప్పుడు చూశాను. నిజమే.

పోయినవి

మా అత్తగారి కంచు గ్లాసు ఒకటి, గుడివాడలో. గొడుగు ఒకటి, జట్కాలో. మాగాయ అరజాడీ, జాడీతో సహా. కొసలు మూడువేల రెండువందలు. నూలు కార్డు ఒకటి, డిసెంబరు 31న కొట్టేశారు. మగ్గం ఒకటి. జనవరిలో దాన్ని విప్పి, కాళ్లు పెట్టుకునే గుంట పూడ్చాము. ఏడు తట్టల మట్టి పట్టింది.